డెల్ఫా అత్తయ్య కొలిచిన మెలిక

ఏదీ, ఆ పెట్టె ఇలా ఇవ్వు. నా కళ్ళజోడేదీ... నెత్తిమీదే ఉందా, సరే. అబ్బో, ఈ బుల్లెట్లు పొడుగ్గా సూదుల్లా భలే ఉన్నాయే ట్రెస్సా. రెండువందల ఇరవై గ్రెయిన్లా? బరువైనవే. కొనడం కొన్నావు గానీ, నీ రైఫిల్ గొట్టంలో మెలిక ఎంతో కొలిచావా? కొట్టువాడు చెప్పాడా. ఊఁ. కొట్టువాడు చెప్పాడట. కూర్చో. కాఫీ పోసుకో, ఆ మూతకింద బెల్లప్పాకం పోసి కాల్చిన 'పై' ఒక ముక్క మిగిలింది, అదీ పెట్టుకో. నీకు డెల్ఫా అత్తయ్య సంగతి చెప్పాలి. ఇదివరకే చెప్పానా? చెప్పి ఉంటే చెప్పావని అను, మొహమాటపడకు. ఈమధ్య చెప్పినవే చెప్తున్నానని మీ నాన్న గొణుగుతున్నాడు. చెప్పినవి మళ్ళీ చెప్తే నష్టమేముంది, చెప్పనివి నాతోనే పోతే కదా నష్టం. చెప్పలేదా? అయితే విను. మధ్యలో నేను పక్కదారి పడితే చెయ్యి ఎత్తు.

డెల్ఫా అత్తయ్య అంటే మీ తాతయ్యకి మేనత్త. మా మామగారు హార్వేకి చెల్లెలు, నాలుగేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, 'చేసుకుందామనే అనుకున్నాను, ఈలోగా షిఫ్టు గంట కొట్టారు' అనేది. ఏటి పక్కన చొక్కాల ఫ్యాక్టరీ ఉండేది చూడు, ఇప్పుడు టైర్లు అమ్ముతున్నారే అక్కడ, అందులో ముప్ఫై ఏళ్ళు దారం కండెలు ఎక్కించే మిషన్లు చూసుకుంది. మనిషి చిన్నది, నీ భుజం దాకా ఉంటుందేమో. చేతులు మాత్రం మగవాళ్ళ చేతుల్లా ఉండేవి. తల మీద ఎప్పుడూ ఒక గోధుమరంగు గుడ్డ టోపీ. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేసరికి ఆవిడ ఈ ఇంట్లోనే ఉండేది, అదిగో ఆ సామాన్ల గదిలో, బీట్‌రూట్ రసంలో ఊరేసిన కోడిగుడ్ల సీసాల పక్కన బల్ల వేసుకుని తూటాలు కట్టేది. ఇత్తడి డొప్పలు కడగడం, మందు తూకం వెయ్యడం, డొప్ప మూతిలో బుల్లెట్ కూర్చోబెట్టి ప్రెస్సు మీద నొక్కడం. ఒక్కో తూటాకి ఒక్కో నిమిషం. ఆ గదిలోకి వెళ్తే మాట్లాడకూడదు. తుమ్మకూడదు కూడా. ఒకసారి మీ తాతయ్య క్లేటన్ తలుపు గట్టిగా వేస్తే త్రాసు కదిలిందని, కట్టిన పదీ విప్పి మళ్ళీ కట్టింది. 'నీ పావురాలకి చెప్పుకో నీ తొందర' అంది. ఆయనకి పావురాల పిచ్చి. రైఫిలు పేలితే అవి బెదురుతాయని ఏడుపు ఒకటే. వేటకి పంపితే కొండెక్కి నిద్రపోయి వచ్చేవాడు.

ఆ, చెయ్యి దించు, వస్తున్నా. కొండ మీద రైఫిల్ క్లబ్బుంది కదా, నువ్వు చేరదామనుకుంటున్నదే. అప్పట్లో దానికి నలభై సీట్లే. వెయ్యి గజాల మైదానం అంత సులభంగా దొరకదు, అందుకని లెక్క కట్టారు. హాలు గోడ మీద ఒక చెక్క పలక, దాని మీద నలభై పేర్లు. ఎవరైనా ఇక కాల్చలేనని తప్పుకుంటే, ఆ ఇంట్లోంచి ఇంకొకరు వచ్చి, అదే రైఫిలుతో, పోటీ రోజున పది తూటాలు కాల్చాలి. పదీ గురి కాగితం మీద పడ్డాయా, సీటు ఆ ఇంటికే ఉంటుంది. ఒక్కటి తప్పినా బయట వరసలో ఉన్నవాడికి పోతుంది. ఇప్పుడు ఆ పద్ధతి లేదులే. మా మామగారు ఆ క్లబ్బు పెట్టిన పన్నెండుమందిలో ఒకరు. హెచ్. క్లింగర్ అని మూడో పేరు. ఆయన కాల్చిన ప్రతి తూటా ఈవిడ కట్టిందే. ఇరవై రెండేళ్ళు. మరి ఆ ఇరవై రెండేళ్ళూ పోటీ రోజున ఈవిడ ఎక్కడుండేది అనుకున్నావు? క్లబ్బు వంటింట్లో. పందిమాంసం, చిక్కుడుగింజలు వేసిన సూపు, మూడు పెద్ద డేక్సాలు. అక్కణ్ణుంచి కిటికీలోంచి చప్పుడు వినేది. 'అది మనది' అనేది గరిటె తిప్పుతూనే. నలభై రైఫిళ్ళలో తన తూటా చప్పుడు తెలిసేది. నేను పక్కన ఉల్లిపాయలు తరుగుతూ, ఈవిడ అబద్ధం చెప్తోందేమో అనుకునేదాన్ని. వెళ్ళి చూస్తే నిజంగానే ఆయనే కాల్చి ఉండేవాడు.

అరవై ఎనిమిదిలో... అరవై ఎనిమిదేనా? మీ నాన్న కడుపులో ఉన్నాడు, కాబట్టి అరవై ఎనిమిదే. మామగారికి కళ్ళు పోయాయి. చక్కెర జబ్బు. మొదట ఒక కన్ను మసకేసింది, తర్వాత రెండోది. ఆయన ఒప్పుకోడు. గుమ్మానికి గుద్దుకుని గుమ్మాన్ని తిట్టేవాడు. ఆఖరికి వేసవిలో ఒకరోజు భోజనాల బల్ల దగ్గర అన్నాడు, 'అక్టోబరు పోటీకి క్లేటన్ కాల్చాలి' అని. మీ తాతయ్య చేతిలో చెంచా ఆగిపోయింది. 'నాన్నా, నేను కాలిస్తే కాగితం కాదు కదా, కొండకే తగలదు' అన్నాడు. నిజమే చెప్పాడు పాపం. మామగారు పళ్ళెంలో బంగాళాదుంపలు అలా నొక్కుతూనే ఉన్నాడు. అప్పుడు అత్తయ్య, వెన్న రాసుకుంటూ, మామూలుగా, 'నేను కాలుస్తాను' అంది.

'నువ్వు ఏం కాలుస్తావే' అన్నాడాయన.

'నీ రైఫిలు. ఇంకేం కాలుస్తాను, పొయ్యా?'

'అక్కడ ఆడవాళ్ళు కాల్చరు.'

'కాల్చకూడదని రాసి ఉందా?'

రాసి లేదు ట్రెస్సా. అదే తమాషా. ఎలయస్ బోయర్ అని క్లబ్బు అధ్యక్షుడు, ముసలాయన, చాలా మర్యాదస్తుడు, రూల్స్ పుస్తకం మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. కుక్కల్ని కట్టేయాలని ఉంది, పొగాకు ఉమ్మకూడదని ఉంది. ఆడవాళ్ళ ఊసే లేదు. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు, రాయడానికి. 'ఇంట్లోంచి ఒకరు' అని ఉంది, ఆవిడ ఇంట్లోనే ఉంది. అంతే. ఇంక బయట వరసలో మొదటివాడు వర్నన్ ట్రౌట్‌మన్. పాతకార్లు అమ్మేవాడు. ఎర్రటి మొహం, బొజ్జ, పెద్ద నవ్వు. చెడ్డవాడు కాదు, కానీ తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు కదా. మా ఇంటికే వచ్చి, వాకిట్లో నిలబడి, 'డెల్ఫాగారూ, మీరు కాల్చండి, సంతోషం. సూపు మాత్రం ముందే చేసి పెట్టండి, ఓడిపోయాక చేతులు వణుకుతాయి' అన్నాడు. ఆవిడ తలుపు తెర వెనకనుంచి, 'నీకు ఉప్పు వేరేగా పెడతాను వర్నన్, నీ కళ్ళనీళ్ళు చాలకపోతే' అంది. వాడు కారు దాకా నవ్వుకుంటూ వెళ్ళాడు.

ఆవిడకి కాల్చడం రాదని ఊళ్ళో అందరి నమ్మకం. మా ఇంట్లోవాళ్ళకి తెలుసు, పై గది కిటికీలోంచి ఏటవతలి సోయా చేల్లో బొరియలు తవ్వే గ్రౌండ్‌హాగ్‌లని ఎన్నింటిని కొట్టిందో. కాల్చడం కాదు ఆవిడ బెంగ. గాలి. ఆ కొండసందులోంచి పదిగంటలు దాటాక గాలి ఎలా కొడుతుందో నీకు తెలుసు. మా మామగారు వాడేవి నూట అరవై ఎనిమిది గ్రెయిన్ల తేలిక బుల్లెట్లు. వెయ్యి గజాలు వెళ్ళేలోపల గాలి వాటిని పూచికపుల్లల్లా తోసేసేది. పదిలో ఒకటో రెండో ఎప్పుడూ కాగితం బయటే. మామూలు పోటీలో అయితే పరవాలేదు, మామగారు తల గోక్కుని ఊరుకునేవాడు. ఇక్కడ ఒక్కటి పోయినా సీటు పోతుంది. బరువైన బుల్లెట్టయితే గాలికి అంత తేలిగ్గా లొంగదు. కానీ బరువైనదంటే పొడుగైనది. పొడుగైనదాన్ని గొట్టం ఇంకా గట్టిగా తిప్పాలి. నీకివన్నీ తెలుసులే, అయినా వరసగా చెప్పనీ, వరస తప్పితే నాకు దారం తెగిపోతుంది. గొట్టం లోపల గాడులు మరలాగా తిరుగుతూ ఉంటాయి కదా, వాటిలో పడి బుల్లెట్టు బొంగరంలా తిరుగుతూ బయటికొస్తుంది. పన్నెండు అంగుళాలకి ఒక చుట్టు తిప్పితే పన్నెండు మెలిక. పది అంగుళాలకే తిప్పేస్తే పది మెలిక. అంకె చిన్నదయితే తిప్పుడెక్కువ. రెండువందల ఇరవై గ్రెయిన్లకి పది కావాలి. పన్నెండులో వేస్తే చాలినంత తిరగదు, సోలిపోతుంది, కాగితానికి అడ్డంగా తగిలి తాళంచెవి కన్నంలాంటి పొడుగు చిల్లు పెడుతుంది. అదీ కాగితం దాకా వెళ్తేనే.

మామగారు పదేళ్ళ కిందట రైఫిలుకి కొత్తగా వేయించిన గొట్టం పన్నెండు. అది అందరికీ తెలుసు. ఆ మాటకొస్తే క్లబ్బులో దాదాపు అందరివీ పన్నెండే, కొందరివి పదమూడు. ఈ లోయలో గొట్టాలన్నీ అలాంటివే అని చెప్పుకునేవాళ్ళు, ఇక్కడి నీళ్ళ గుణం అన్నట్టు. అందుకే ఏళ్ళ తరబడి అందరూ తేలికవే కట్టుకునేవాళ్ళు. అత్తయ్యా అదే అనుకుంది. అయినా ఒకసారి తన చేత్తో కొలుద్దామని, క్లబ్బులో మేకుకి వేలాడే కొలత కడ్డీ అడిగి తెచ్చుకుంది. ఊరంతటికీ అదొక్కటే కడ్డీ. ఎవరు కొత్త రైఫిలు కొన్నా దాంతోనే కొలిచేవాళ్ళు. పొడుగాటి ఉక్కు కడ్డీ, ఒక చివర చెక్క పిడి. రెండో చివర గుడ్డముక్క బిగించి గొట్టంలోకి తోస్తావు. గుడ్డ గాడుల్ని పట్టుకుంటుంది, కడ్డీ వాటితోపాటే తిరుగుతుంది. కడ్డీ మీద ఒక గుర్తు పెట్టుకుని, అది ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ పైకొచ్చేలోగా ఎన్ని అంగుళాలు లోపలికెళ్ళిందో చూస్తే అదే మెలిక. చర్చి నుంచి వచ్చి, ఆదివారం మధ్యాహ్నం, ఇదే బల్ల మీద రైఫిలు పెట్టింది. నేను టేపు పట్టుకున్నాను. పన్నెండుంపావు వచ్చింది. 'ఊఁ' అంది. మళ్ళీ తోసింది. పదకొండున్నర. మళ్ళీ తోసింది. పదమూడు.

నేనైతే వదిలేసేదాన్ని. దగ్గరదగ్గరగా పన్నెండే కదా అని. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. టోపీ తీసిందంటే ఆలోచిస్తోందన్నమాట. 'ఎర్మా' అంది నాతో, 'ఈ గొట్టం ఉక్కుది. నిన్నా ఉక్కే, ఇవాళా ఉక్కే. దీని మెలిక పూటకోరకంగా మారదు. మూడుసార్లు మూడు లెక్కలొచ్చాయంటే అబద్ధమాడుతోంది గొట్టం కాదు' అంది. కడ్డీని ఎత్తి, పిడి పట్టుకుని, కడ్డీని వేళ్ళతో తిప్పింది. తిరగలేదు. అంటే బిగుసుకుపోయింది. పిడి కదలకుండా చేతిలో ఉన్నా కడ్డీ మాత్రం లోపల తేలిగ్గా తిరగాలి కదా, అలా తిరగడానికి పిడిలో చిన్న చక్రం ఉంటుంది. అది తిరగకపోతే, నువ్వు తోసినప్పుడు గుడ్డ గాడుల వెంట తిరగలేక జారిపోతుంది. జారితే చుట్టు ఆలస్యంగా పూర్తవుతుంది, పది ఉన్నది పన్నెండనిపిస్తుంది. 'కండె బిగుసుకుంటే దారం ఏం చేస్తుంది? సాగుతుంది, తెగుతుంది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా' అంది. ఎందుకు బిగుసుకుందో తెలుసా? విల్మర్ అని క్లబ్బు కాపలాదారు, శుభ్రం పిచ్చి మనిషి. ప్రతి వసంతంలో క్లబ్బు బెంచీలకి వార్నీషు వేస్తూ, ప్రేమగా ఆ పిడికి కూడా ఒక పూత వేసేవాడు. పదహారేళ్ళు. లోపలికి కారి కారి గట్టిపడిపోయింది. పదహారేళ్ళుగా ఈ లోయలో ప్రతి మగాడూ ఆ కడ్డీ చెప్పిన మాట నమ్మి, తేలిక బుల్లెట్లు కట్టుకుని, గాలిని తిట్టుకుంటున్నాడు.

తల్లో పిన్ను తీసి వార్నీషు గీకింది. కుట్టుమిషను నూనె పోసి ఎండలో పెట్టింది. మర్నాడు ఫ్యాక్టరీ నుంచి రాగానే మళ్ళీ కొలిచాం. పది. మళ్ళీ పది. మళ్ళీ తోసినా పదే. నేను కేకెయ్యబోతే నా నోరు మూసేసింది, అరచెయ్యి నిండా నూనె వాసన. 'ఒక్కళ్ళకి చెప్పావంటే నీ బిడ్డకి నా పేరు పెడతాను' అంది. మగపిల్లాడైతే? అన్నాను. 'అప్పుడు ఇంకా బాగా పెడతాను' అంది.

ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్లో అలాంటి బరువైన బుల్లెట్లు అడిగితే, కొట్టాయన, 'మీ అన్నయ్యది పన్నెండు కదమ్మా, ఇవి పనికిరావు' అన్నాడట. 'ఇవి కాగితాల మీద బరువు పెట్టుకోడానికి' అని చెప్పి తెచ్చుకుంది. తర్వాత నెలన్నర పని. తేలికదానికి వేసే మందు బరువైనదానికి వెయ్యకూడదు, మొదట తక్కువతో మొదలెట్టి, పుస్తకం చూసుకుంటూ కొంచెం కొంచెంగా పైకి పోవాలి. ప్రతిదానికీ ఐదు కట్టేది, రాసుకునేది, కొట్టం వెనక రెండువందల గజాల్లో కాగితం పెట్టి కాల్చేది. నేను పొట్టేసుకుని నడిచి వెళ్ళి కాగితాలు తెచ్చేదాన్ని. చిల్లులు గుండ్రంగా ఉన్నాయా, పొడుగ్గా ఉన్నాయా, అదీ చూడాల్సింది. పంచ్‌ మిషనుతో కొట్టినట్టు గుండ్రంగా ఉండేవి. మామగారు మాత్రం వరండాలో కూర్చుని చెవులు రిక్కించేవాడు. 'ఏమేవ్, ఆ చప్పుడేంటి, మునుపట్లా లేదు. నా మందులో ఏం కలిపావు?' అని. 'నీ చెవులు కూడా మొదలెట్టాయా అన్నయ్యా' అనేది ఈవిడ. పాపం, ఆయన డాక్టరు దగ్గరికి వెళ్ళి చెవులు చూపించుకొచ్చాడు కూడా.

ఇంక పోటీ రోజు. అక్టోబరు, ఆకులన్నీ ఎర్రగా. కొండ మీద నూటయాభై మంది. ఆడవాళ్ళందరూ ఆ వేళ వంటింట్లోంచి బయటికొచ్చి కుర్చీలేసుకున్నారు, సూపు నేనూ ఇంకో ఇద్దరూ చూస్తున్నాం. అత్తయ్యకి చీటీలో నాలుగో బల్ల, ఆఖరి వరస వచ్చింది. అంటే పదకొండు తర్వాత, గాలి బాగా లేచాక. నిజం చెప్పాలంటే ఆవిడ మొహం ఆ చీటీ చూశాక కొంచెం పాలిపోయింది. ముందు వరసలవాళ్ళు కాలుస్తున్నారు, అవతల కాగితాల కింద గుంటలో కూర్చుని చిల్లులు లెక్కపెట్టేవాళ్ళు ఫోనులో చెప్తున్నారు, పదికి ఎనిమిది, ఏడు, తొమ్మిది అని. అందరివీ బయటికి పోతున్నాయి. వర్నన్ తన కారు బానెట్ మీద కూర్చుని అప్పుడే అందరితో చేతులు కలుపుతున్నాడు.

వరస పిలవగానే నేనూ గరిటె వదిలేసి వెళ్ళి వాళ్ళ వెనక నిలబడ్డాను. మామగారు ఆవిడ వెనక కుర్చీలో కూర్చుంటానని పట్టుబట్టాడు. అప్పుడు అత్తయ్య ఒక తూటా తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఎందుకు పెట్టిందో నాకిప్పటికీ తెలీదు, చెప్పకుండా కాల్చలేకపోయిందేమో. ఆయన దాన్ని పట్టుకుని, బరువు చూసి, బొటనవేలితో కొస దాకా తడిమాడు.

'ఇది నాది కాదే' అన్నాడు.

'కాదు. నాది.'

'పిచ్చిదానా, పన్నెండు మెలికలో ఇది పల్టీ కొడుతుంది. మన పేరు పోతుంది.'

'పన్నెండు కాదు. పది.'

'ఎవరు చెప్పారు?'

'గొట్టమే చెప్పింది. ఎవరూ దాన్ని సరిగ్గా అడగలేదు ఇన్నాళ్ళూ' అంది.

 ఆయన ఒక్కమాట గట్టిగా అంటే అయిపోయేది, రైఫిలు ఆయనది, ఎలయస్ ఆపేసేవాడు. ఆయన ఆ తూటాని కాసేపు పిడికిట్లో పట్టుకున్నాడు. తర్వాత తిరిగి ఆవిడ చేతిలో పెట్టి, 'ఎడమవైపు జరుగు, నీ టోపీ నాకు గాలి తగలనివ్వట్లేదు' అన్నాడు. అంతే.

పది నిమిషాల్లో పది కాల్చాలి. ఐదు గబగబా కాల్చేసింది. ఆరోది రైఫిల్లోకి తోసి మూత వేసింది, వేలు మీట మీదకి వెళ్ళింది. వెనకనుంచి మామగారు, 'ఆగు' అన్నాడు. గాలి తెలియడానికి మైదానంలో పాతిన జెండాలు అలాగే ఉన్నాయి, మార్పేం లేదు. ఆవిడ ఆగింది. ఒక్క క్షణానికి మైదానం మధ్యలో జెండాలన్నీ లేచి అడ్డంగా నిలబడ్డాయి. కళ్ళు లేని మనిషికి చెంప మీద తెలిసింది. నిమిషం అయింది. రెండయింది. వర్నన్, 'నిద్రపోయిందా ఏం' అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నాలుగు నిమిషాలు. ఎలయస్ గడియారం చూసి గొంతు సవరించుకున్నాడు. 'అన్నయ్యా' అంది అత్తయ్య, తల తిప్పకుండా. 'ఉండు. ఉండు. ఇంకా... ఊఁ, ఇప్పుడు కానీయ్' అన్నాడు. మిగిలిన ఐదూ ఊపిరి పీల్చినంతసేపట్లో పోయాయి. ఆవిడ అలా కాల్చడం నేనెప్పుడూ చూళ్ళేదు, చొక్కాకి గుండీలు కుట్టేసినట్టు. చివరిది పేలాక ఆవిడే అంది, నెమ్మదిగా, 'అది మనది' అని.

గుంటలోంచి ఫోను రాలేదు. విల్మర్ కాగితాన్ని చుట్టి ట్రక్కులో తనే తెచ్చాడు, మొహంలో ఏమీ చూపించకుండా. హాల్లో బల్ల మీద పరిచారు. ఎలయస్ పెన్సిలుతో లెక్కపెట్టాడు. ఎనిమిది దాకా ఎవరూ ఊపిరి తియ్యలేదు. తొమ్మిది. కింద మూల, అంచుకి వేలెడు దూరంలో, పది. నేను విల్మర్ని కావలించుకున్నాను, ఎందుకో ఆయన్నే. వర్నన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి, 'అడ్డంగా తగిలినవి లెక్కలోకి రావు, రెండువందల ఇరవై వేసిందట, పన్నెండులో' అని వంగి చూశాడు. ఒక్కొక్క చిల్లునీ చూశాడు. పదీ గుండ్రంగా ఉన్నాయి.  అప్పుడు అత్తయ్య ఆ కడ్డీ తెచ్చి ఎలయస్ చేతికిచ్చి, 'తిప్పండి' అంది. కడ్డీ ఝుమ్మని తిరిగింది. ఇదివరకు ఎప్పుడైనా తిరిగిందా అని అడిగింది. ఆయన గుర్తు తెచ్చుకోడానికి చూశాడు. పాపం విల్మర్ అప్పటికే చెవులదాకా ఎర్రబడి, 'రెండు పూతలు వేస్తే బాగుంటుందనుకున్నాను' అన్నాడు.

ఆ తర్వాతది నువ్వు చూడాల్సింది ట్రెస్సా. సూపు గిన్నెలు బల్లల మీద అలాగే వదిలేసి ముప్ఫై తొమ్మిది మంది మగాళ్ళు కార్ల దగ్గరికి పరుగులు. ఉన్నది ఒక్క కడ్డీ. దానికోసం వరస. కొలిచినవాడల్లా 'పది' అని అరవడం, పక్కవాడు వాడి వీపు మీద చరచడం. ఒకాయన తన పెళ్ళాన్ని పట్టుకుని, 'పదేనే, పదహారేళ్ళు నా తప్పు కాదే' అని ఊపేశాడు. వర్నన్‌దొక్కటే నిజంగా పన్నెండు. ఆ రోజు వరసలో నిలబడ్డానికి రోషమొచ్చి కొలవలేదులే. అందరివీ పది కదా, నాదీ పదే అయివుంటుందనుకుని, మర్నాడే ఇంత పెట్టె బరువైనవి కొనుక్కున్నాడు. మరుసటేడు ఇంకొకాయన మానేస్తే వాడికి సీటొచ్చింది, మొదటి పోటీలో వాడి బుల్లెట్లు కాగితానికి చేపల్లా అడ్డంగా తగిలాయి. ఆ కాగితం వాడే ఫ్రేము కట్టించి వంటింట్లో పొయ్యి మీద తగిలించాడు. మంచివాడని చెప్పానా, చెడ్డవాడు కాదని చెప్పాను. అందుకే నీతో అంటున్నా. కొట్టువాడు చెప్పాడనీ, ఊరంతా అలాగే అనీ, ఈ ముసల్ది చెప్పిందనీ నమ్మకు. మరీ ముఖ్యంగా నన్ను నమ్మకు, నా అంకెలు ఈమధ్య జారిపోతున్నాయి. నువ్వే తోసి చూసుకో, మూడుసార్లు.

చెయ్యెత్తావా? ఎక్కడున్నాను? ఆ, హాల్లో. అందరూ బయట కొలతల్లో ఉన్నారు. లోపల మేం ముగ్గురమే. బయట అరుపులు, కార్ల తలుపులు. మామగారు గోడ పట్టుకుంటూ వచ్చి, 'ఏదీ, నాకు చూపించు' అన్నాడు. అత్తయ్య ఆయన చూపుడువేలు పట్టుకుని మొదటి చిల్లు మీద పెట్టింది. వేలు కొంచెం లోపలికి దిగింది. ఒకటి అన్నాడు. అంచు చుట్టూ తడిమాడు, గుండ్రంగా ఉందో లేదో అని. తర్వాత రెండోది. అలా పదీ. తొందరేం లేదు వాళ్ళిద్దరికీ. పదోదాని మీద వేలు అలాగే ఉంచేశాడు. ఆ వెలుగులో ఆయన కళ్ళు తెల్లగా... నవ్వుతున్నాడు. వంగి ఆవిడ చెవిలో మన ఇంట్లో ముసలాళ్ళు మాట్లాడుకునే పాతభాషలో ఏదో అన్నాడు. ఆవిడ నవ్వింది చూడు, టోపీ కిందపడిపోయింది, బల్ల పట్టుకుని నవ్వింది, ఆయనా నవ్వాడు, ఎందుకో తెలీకుండా నేనూ నవ్వాను, లోపల మీ నాన్న తన్నాడు. తిరిగొస్తూ కార్లో అడిగాను, ఏమన్నాడు అత్తయ్యా అని. చెప్పింది. రెండు మాటలే. ఎన్నేళ్ళు దాచుకున్నానో, ఎవరికీ చెప్పలేదు, మీ తాతయ్యకి కూడా. ఏమన్నాడంటే... ఉండు. ఏమన్నాడంటే.

ఇప్పుడే నోటిదాకా వచ్చింది. నువ్వు మాట్లాడకు.

ఆ నవ్వయితే వినిపిస్తోంది.